సేఫ్టీ-క్రిటికల్ రియల్‌టైమ్ కోడ్‌లో కాంకరెన్సీకి కళ్లెం వేయడం: రావెన్‌స్కార్ ప్రొఫైల్ అడుగడుగునా

ఆసుపత్రిలో మంచం పక్కన స్టాండుకి బిగించి, గంటకు ఇన్ని మిల్లీలీటర్లని లెక్కకట్టి మందు ఎక్కించే ఇన్ఫ్యూజన్ పంపు చూసే ఉంటారు. దాని లోపలి సాఫ్ట్‌వేర్ రాసే పని మీకు వచ్చిందనుకుందాం. మోటారు తిప్పాలి, ట్యూబులో ఒత్తిడి పెరిగితే వెంటనే ఆపాలి, స్క్రీన్ మీద అంకెలు మార్చాలి, నర్సు నొక్కే బటన్లు గమనించాలి, ఇవన్నీ ఒకే చిన్న ప్రాసెసర్ మీద ఒకేసారి జరగాలి, దీన్నే కాంకరెన్సీ అంటారు. మామూలు యాప్ అయితే నాలుగు థ్రెడ్లు తెరిచి, రెండు మ్యూటెక్సులు (ఒకరు వాడుతుండగా ఇంకొకరిని ఆపే తాళాలు) పెట్టి, టెస్టింగ్‌లో బాగానే నడుస్తోంది కదా అని తర్వాతి పనికి వెళ్లిపోవచ్చు. ఇక్కడ అది కుదరదు.

ఎందుకు కుదరదో థెరాక్-25 చెబుతుంది. 1985-87 మధ్య ఈ రేడియేషన్ యంత్రం అమెరికా, కెనడాల్లో ఆరుగురికి మోతాదుకు ఎన్నో రెట్లు మించి రేడియేషన్ ఇచ్చింది, కొందరు ప్రాణాలు కోల్పోయారు. కారణాల్లో ఒకటి రేస్ కండిషన్, అంటే ఏది ముందు జరిగిందన్న దాన్నిబట్టి ఫలితం మారిపోయే తప్పు: మాగ్నెట్లు సర్దుకోవడానికి సుమారు 8 సెకన్లు పడుతుంది, ఆ లోపే ఆపరేటర్ కీబోర్డు మీద ఎంట్రీ సరిదిద్దేస్తే, ఆ మార్పు ఇంకో టాస్క్‌కి (పక్కనే విడిగా నడిచే కోడ్ భాగానికి) తెలిసేది కాదు. నిదానంగా టైప్ చేసేవాళ్లకి ఈ తప్పు ఎప్పటికీ కనబడదు, చేయి తిరిగిన ఆపరేటర్ దగ్గరే బయటపడుతుంది. అంటే టెస్టుల్లో కనబడలేదన్న మాటకి కాంకరెన్సీ విషయంలో విలువ చాలా తక్కువ. డెడ్‌లైన్ తప్పదని, ఒకరికోసం ఒకరు ఆగి అందరూ నిలిచిపోయే డెడ్‌లాక్ రాదని, రక్షణ లేకుండా ఒకే డేటాని ఇద్దరు తాకే డేటా రేస్ లేదని కాగితం మీద చూపించగలగాలి. అలా చూపించాలంటే, లెక్కకు అందని సౌకర్యాలన్నీ కోడ్ రాయకముందే భాషలోంచి తీసేయాలి.

సరిగ్గా ఈ పనే అడా అనే ప్రోగ్రామింగ్ భాషకి రావెన్‌స్కార్ ప్రొఫైల్ చేస్తుంది. ఇంగ్లండ్‌లో ఉత్తర యార్క్‌షైర్ తీరాన రావెన్‌స్కార్ అనే ఊళ్లో 1997లో జరిగిన అంతర్జాతీయ రియల్‌టైమ్ అడా వర్క్‌షాప్‌లో ఇది పుట్టింది, అడా 2005తో భాషా ప్రమాణంలోకే ఎక్కింది. మన హైదరాబాద్‌లో డిఫెన్స్ ల్యాబులున్నాయి, రైళ్లు ఢీకొనకుండా ఆపే కవచ్ లాంటి ఎస్‌ఐఎల్-4 (అత్యున్నత భద్రతా) స్థాయి రైల్వే పరికరాలు తయారుచేసే కంపెనీలున్నాయి, ఈ రంగంలోకి కొత్తగా వస్తున్న పిల్లలు ఎంతోమంది ఉన్నారు. వాళ్లు రోజూ రాసేది సీ అయినా సరే, ముందు రావెన్‌స్కార్‌ని అర్థం చేసుకోవాలన్నది నా గట్టి అభిప్రాయం. ఏ నిషేధం ఏ లెక్క కోసం పెట్టారో ఇంత శుభ్రంగా ఇంకెక్కడా కనబడదు.

మొదటి అడుగు: ఎడిటర్ తెరవకండి, పట్టిక గీయండి

సిస్టమ్‌లో ఎన్ని టాస్కులుంటాయో ముందే తేల్చండి. ప్రతి టాస్క్‌కీ ఐదు విషయాలు రాయండి: దాన్ని నిద్ర లేపేది ఏమిటి, ఎంత తరచుగా లేస్తుంది, లేచాక అత్యధికంగా ఎంతసేపు ప్రాసెసర్ వాడుతుంది, ఎప్పటిలోగా పని ముగించాలి, ఎవరితో ఏ డేటా పంచుకుంటుంది. నిద్ర లేపేది ఒక్కటే ఉండాలి, గడియారమో లేదా ఒక సంఘటనో. "ఒక్కోసారి టైమర్, ఒక్కోసారి బటన్" అని రాయాల్సి వస్తే అవి రెండు టాస్కులు, విడదీయండి.

మన పంపుకి పట్టిక ఇలా ఉందనుకోండి. మోటారు టాస్క్ ప్రతి 10 మిల్లీసెకన్లకి లేస్తుంది, 2 మిల్లీసెకన్లు నడుస్తుంది. ఒత్తిడి టాస్క్ ఇంటరప్ట్‌తో (హార్డ్‌వేర్ పంపే పిలుపుతో) లేస్తుంది, రెండు ఇంటరప్ట్‌ల మధ్య కనీసం 25 మిల్లీసెకన్ల ఎడం ఉంటుందని హార్డ్‌వేర్ వాళ్లు హామీ ఇచ్చారు, లేచినప్పుడల్లా 6 మిల్లీసెకన్లు నడుస్తుంది. మోతాదు లెక్కగట్టే టాస్క్ ప్రతి 50 మిల్లీసెకన్లకి లేచి 12 నడుస్తుంది, కానీ లేచిన 30లోపే ముగించాలి. మొదటి రెండింటికీ డెడ్‌లైన్ వాటి వ్యవధే. ఈ అంకెలన్నీ నేను ఉదాహరణకి అనుకున్నవి, లెక్క మాత్రం అసలైనదే.

ఆ "కనీసం 25" అన్న హామీని తేలిగ్గా తీసుకోకండి. సంఘటన ఎంత తరచుగానైనా రావచ్చంటే ఆ టాస్క్ ప్రాసెసర్ మొత్తాన్ని మింగేయగలదు, అప్పుడు ఏ లెక్కా నిలవదు. హార్డ్‌వేర్ వాళ్లు హామీ ఇవ్వలేకపోతే ఇంటరప్ట్ మానేసి, గడియారంతో లేచే టాస్క్‌తో సెన్సర్‌ని పోల్ చేయడం మేలు.

రెండో అడుగు: ప్రొఫైల్ ఆన్ చేయండి

గ్నాట్ అనే అడా కంపైలర్‌లో అయితే ప్రాజెక్టు కాన్ఫిగరేషన్ ఫైల్లో ప్రాగ్మా ప్రొఫైల్ అని రాసి, బ్రాకెట్లో రావెన్‌స్కార్ అని పెడితే చాలు. ఆ ఒక్క లైనే మూడు విధానాలనీ, పెద్ద నిషేధాల జాబితానీ తెచ్చిపెడుతుంది. మూడు విధానాలు ఇవి: ప్రయారిటీ ప్రకారం, ఒకే ప్రయారిటీలో వచ్చిన వరుస ప్రకారం షెడ్యూల్ చేయడం, సీలింగ్ లాకింగ్ (ఐదో అడుగులో చూద్దాం), ప్రొటెక్టెడ్ ఆబ్జెక్ట్ (పంచుకునే డేటాని ఒక్కొక్కరికే అందనిచ్చే పెట్టె లాంటిది) లోపల ఆగిపోయే పని ఏదైనా చేస్తే పట్టుకోవడం.

దీంతోపాటు పార్టిషన్ ఎలాబరేషన్ పాలసీని సీక్వెన్షియల్ అని పెట్టండి. ఇది ప్రొఫైల్‌లో భాగం కాదు, చాలామంది మర్చిపోతారు. ఇది లేకపోతే కొన్ని ప్యాకేజీలు ఇంకా సిద్ధం కాకముందే టాస్కులు మొదలైపోవచ్చు, ఇంటరప్ట్‌లు రావచ్చు. పెడితే, అన్నీ సిద్ధమయ్యాకే టాస్కులు లేస్తాయి, ఇంటరప్ట్ హ్యాండ్లర్లు తగులుకుంటాయి.

ఇక నిషేధాలు. అన్నీ వల్లె వేయనక్కర్లేదు, తప్పు చేస్తే కంపైలరే చెబుతుంది. కానీ ఎందుకో తెలిసి ఉండాలి. టాస్కులన్నీ లైబ్రరీ స్థాయిలోనే (ఏ ఫంక్షన్ లోపలా కాకుండా, ప్యాకేజీలో నేరుగా) ఉండాలి, టాస్క్ లోపల టాస్క్ పెట్టకూడదు, నడుస్తుండగా కొత్తవి పుట్టించకూడదు, ఉన్నవి ముగిసిపోకూడదు: అప్పుడే టాస్కుల సంఖ్య స్థిరంగా ఉండి పట్టిక నిజమవుతుంది, ఒక్కోదానికి ఎంత స్టాక్ కావాలో ముందే లెక్కగట్టొచ్చు. ప్రయారిటీలు మధ్యలో మార్చకూడదు, మారితే రెస్పాన్స్ టైమ్ లెక్క (లేచిన టాస్క్ ఎంతసేపట్లో ముగిస్తుందన్నది) చెల్లదు. అబార్ట్ నిషిద్ధం, ఎందుకంటే సగంలో చంపిన టాస్క్ డేటాని ఏ స్థితిలో వదిలిందో ఎవరికీ తెలియదు, రన్‌టైమ్‌లో (మన కోడ్ కింద ఉండి టాస్కులని నడిపే భాగంలో) దానికోసం రాయాల్సిన కోడ్ కూడా చాలా పెద్దది, ఆ కోడ్‌నీ సర్టిఫై చేయించాలి. టాస్కులు నేరుగా ఒకదాన్నొకటి కలుసుకునే రాండెవూ, పలు దారుల్లో ముందు తెరుచుకున్నదాన్ని ఎంచుకునే సెలెక్ట్, వేచి ఉన్న పిలుపుని ఇంకో క్యూకి మార్చే రీక్యూ, ఇవన్నీ పోతాయి. ఎవరు ఎవరికోసం ఎంతసేపు ఆగుతారన్న ప్రశ్నకి అవి సూటి జవాబు ఇవ్వనివ్వవు.

చిన్న బోర్డు మీద నడపాలంటే రన్‌టైమ్ కూడా దానికి తగ్గట్టు ఎంచుకోవాలి. గ్నాట్‌లో లైట్-టాస్కింగ్ అని చిన్నదీ, ఎంబెడెడ్ అని కాస్త పెద్దదీ ఉన్నాయి. సర్టిఫికేషన్ ఉందంటే చిన్నదానితోనే మొదలుపెట్టండి. లైనక్స్ ల్యాప్‌టాప్ మీద కూడా ఈ ప్రొఫైల్‌తో కంపైల్ చేసి తర్కం పరీక్షించుకోవచ్చు గానీ, అక్కడ వచ్చిన టైమింగులని నమ్మకండి.

మూడో అడుగు: గడియారంతో లేచే టాస్క్ రాయడం

ఆకారం ఎప్పుడూ ఒకటే. మొదట తర్వాతి మేలుకొనే సమయాన్ని ఒక వేరియబుల్‌లో పెట్టుకో, అంతులేని లూప్‌లో పడు, ఆ సమయం దాకా ఆగు, పని చెయ్, ఆ వేరియబుల్‌కి వ్యవధి కలుపు, మళ్లీ ఆగు. ఇక్కడ "ఇంతసేపు ఆగు" అనే డిలే నిషిద్ధం, "ఫలానా సమయం దాకా ఆగు" అనే డిలే అంటిల్ మాత్రమే ఉంది. తేడా చిన్నదిగా కనిపిస్తుంది కానీ చిన్నది కాదు. పని చేయడానికి 2 మిల్లీసెకన్లు పట్టి, ఆపైన 10 ఆగితే మీ వ్యవధి 12 అయిపోయింది, మధ్యలో పైస్థాయి టాస్క్ దూరితే ఇంకా ఎక్కువవుతుంది, ప్రతి చుట్టుకీ జారుతూ పోతుంది. మోటారు 10కి బదులు 12కి ఒకసారి తిరిగితే రోగికి వెళ్లే మందు లెక్కే తప్పుతుంది.

సమయం కోసం రియల్‌టైమ్ ప్యాకేజీలోని గడియారమే వాడాలి, క్యాలెండర్ ప్యాకేజీని ప్రొఫైల్ రానివ్వదు. క్యాలెండర్ గడియారాన్ని ఎవరైనా సరిచేస్తే వెనక్కి వెళ్లగలదు, రియల్‌టైమ్ గడియారం వెనక్కి వెళ్లదు.

నాలుగో అడుగు: సంఘటనతో లేచే టాస్క్

ఒక ప్రొటెక్టెడ్ ఆబ్జెక్ట్ పెట్టండి. అందులో ఒక బూలియన్, ఆ బూలియన్ ట్రూ అయితేనే తెరుచుకునే తలుపు లాంటి ఒక ఎంట్రీ (ఆ షరతునే బ్యారియర్ అంటారు), ఇంటరప్ట్ హ్యాండ్లర్‌గా ఒక ప్రొసీజర్. ఇంటరప్ట్ వస్తే హ్యాండ్లర్ రీడింగ్ దాచి, బూలియన్‌ని ట్రూ చేస్తుంది. ఒత్తిడి టాస్క్ ఆ ఎంట్రీ దగ్గర ఆగి ఉంటుంది, తలుపు తెరుచుకోగానే లోపలికెళ్లి రీడింగ్ తీసుకుని, బూలియన్‌ని ఫాల్స్ చేసి బయటికొచ్చి, అసలు పని బయట చేస్తుంది. ఈ "బయట" అన్నది ముఖ్యం, లోపల గడిపే ప్రతి మైక్రోసెకనూ ఇంకొకరి ఖాతాలో ఆలస్యంగా పడుతుంది.

ఆబ్జెక్ట్‌కి ఒకే ఎంట్రీ, బ్యారియర్‌లో ఒట్టి బూలియన్ మాత్రమే, క్యూలో ఒకే టాస్క్. రెండో టాస్క్ వచ్చి క్యూలో నిలబడబోతే ప్రోగ్రామ్ ఎర్రర్ ఎక్సెప్షన్ లేస్తుంది. కొత్తగా చూసేవాళ్లకి ఇది మరీ కఠినంగా అనిపిస్తుంది. కానీ ఇద్దరు వేచి ఉంటే ఎవరు ముందు వెళ్లాలి, రెండోవాడు ఎంతసేపు ఆగాలి అనే ప్రశ్నలు వస్తాయి. ఒక్కడే ఉంటే ఆ ప్రశ్నలే పుట్టవు.

ఐదో అడుగు: పంచుకునే డేటా, సీలింగ్

1997 జూలై 4న అంగారకుడి మీద దిగిన మార్స్ పాత్‌ఫైండర్ కొన్నాళ్లకి తనంతట తానే రీసెట్ అవడం మొదలుపెట్టింది. వాతావరణ డేటా సేకరించే తక్కువ ప్రయారిటీ టాస్క్ ఒక మ్యూటెక్స్ పట్టుకునేది, సమాచార బస్‌ని చూసుకునే పెద్ద ప్రయారిటీ టాస్క్ అదే మ్యూటెక్స్ కోసం ఆగేది, ఇంతలో రెండింటికీ మధ్య ప్రయారిటీ ఉన్న కమ్యూనికేషన్ టాస్క్ లేచి తక్కువదాన్ని పక్కకి నెట్టి తీరిగ్గా నడిచేది. పెద్దది తన పని సమయానికి ముగించలేదని గమనించి సిస్టమ్ రీసెట్ అయ్యేది. దీన్నే ప్రయారిటీ ఇన్వర్షన్ అంటారు. ఆ మ్యూటెక్స్‌కి ప్రయారిటీ ఇన్హెరిటెన్స్ (లాక్ పట్టుకున్న చిన్న టాస్క్‌కి, దానికోసం ఆగిన పెద్దదాని ప్రయారిటీ తాత్కాలికంగా ఇవ్వడం) ఆన్ చేయమని భూమ్మీద నుంచి మార్పు పంపి సరిచేశారు. అంటే మందు అందులోనే ఉంది, ఆన్ చేసి లేదు, అంతే. రావెన్‌స్కార్‌లో అలా ఆఫ్‌లో ఉండిపోయే అవకాశమే లేదు.

సీలింగ్ పద్ధతి ఇది. ప్రతి ప్రొటెక్టెడ్ ఆబ్జెక్ట్‌కి ఒక ప్రయారిటీ ఇస్తాం, దాన్ని పిలిచే టాస్కులన్నింటిలో పెద్దదానికి సమానంగా లేదా అంతకన్నా ఎక్కువగా. ఏ టాస్క్ లోపలికి వెళ్లినా, ఉన్నంతసేపూ ఆ సీలింగ్ ప్రయారిటీతోనే నడుస్తుంది. కాబట్టి ఒకే ప్రాసెసర్ మీద, మీరు లోపల ఉండగా ఆ ఆబ్జెక్ట్‌ని వాడగల ఇంకో టాస్క్ అసలు నడవనే నడవదు, లాక్ అవసరమే లేకుండా పరస్పర నిషేధం దక్కుతుంది. డెడ్‌లాక్ రాదు. ఒక టాస్క్ లేచినప్పటి నుంచి తనకన్నా కిందివాళ్ల వల్ల ఆగేది మహా అయితే ఒక్కసారి, అదీ పని మొదలుపెట్టకముందే. ఇన్హెరిటెన్స్‌తో ఈ హామీ రాదు, అక్కడ ఒకటి తర్వాత ఒకటిగా చాలా లాకుల దగ్గర ఆగాల్సి రావచ్చు, డెడ్‌లాక్‌కీ దారి ఉంటుంది.

సీలింగ్ తక్కువ పెట్టేస్తే ఏమవుతుంది? సీలింగ్‌కన్నా పెద్ద ప్రయారిటీ ఉన్న టాస్క్ ఆ ఆబ్జెక్ట్‌ని పిలిచినప్పుడు ప్రోగ్రామ్ ఎర్రర్ లేస్తుంది. ఇంటరప్ట్ హ్యాండ్లర్ ఉన్న ఆబ్జెక్ట్ సీలింగ్ ఇంటరప్ట్ ప్రయారిటీల పరిధిలోనే ఉండాలి. ఇక ప్రొటెక్టెడ్ ఆబ్జెక్ట్‌లో లేని గ్లోబల్ వేరియబుల్‌ని రెండు టాస్కులు తాకడాన్ని మాత్రం ప్రొఫైల్ ఆపదు. దానికి ఏడో అడుగు ఉంది.

ఆరో అడుగు: లెక్క

డెడ్‌లైన్ తక్కువ ఉన్నదానికి ప్రయారిటీ ఎక్కువ ఇవ్వండి. మన పంపులో మోటారు, ఒత్తిడి, మోతాదు, ఇదే వరుస. మోటారు టాస్క్, మోతాదు టాస్క్ ఒక ఆబ్జెక్ట్ పంచుకుంటాయి, మోతాదు టాస్క్ అందులో అత్యధికంగా 1 మిల్లీసెకను ఉంటుంది అనుకుందాం.

ఒక టాస్క్ రెస్పాన్స్ టైమ్ అంటే దాని సొంత పని, కిందివాళ్ల వల్ల కలిగే ఒక్క నిరోధం, ఆ సమయంలో పైవాళ్లు ఎన్నిసార్లు లేస్తే అన్నిసార్లు వాళ్ల పని, ఈ మూడింటి మొత్తం. మోటారుకి 2 కలిపి 1, అంటే 3. ఒత్తిడి టాస్క్ ఆ ఆబ్జెక్ట్‌ని ముట్టుకోదు, అయినా ఆ 1 దానికీ పడుతుంది, ఎందుకంటే మోతాదు టాస్క్ లోపల ఉన్నప్పుడు మోటారు ప్రయారిటీతో నడుస్తుంది. 6, 1 కలిపితే 7, ఈలోగా మోటారు ఒకసారి లేస్తుంది, 9. తొమ్మిదిలోపు మోటారు ఇంకోసారి లేవదు కాబట్టి 9 దగ్గర ఆగింది, డెడ్‌లైన్ 25, బాగుంది.

మోతాదు టాస్క్‌కి కిందివాళ్లు లేరు, నిరోధం సున్నా. 12తో మొదలుపెడితే, 12లోపు మోటారు రెండుసార్లు, ఒత్తిడి ఒకసారి: 12, 4, 6 కలిపి 22. ఇరవై రెండులోపు మోటారు మూడుసార్లు: 12, 6, 6 కలిపి 24. మళ్లీ చూస్తే అదే 24. డెడ్‌లైన్ 30, కాబట్టి పాస్.

ఇప్పుడు ఎవరో మోతాదు టాస్క్‌లో చిన్న ఫీచర్ కలిపారు, 12 కాస్తా 14 అయింది. 14తో మొదలుపెడితే 24 వస్తుంది, తర్వాత 26 వస్తుంది. కానీ 26 అంటే 25 దాటేసింది, ఈలోగా ఒత్తిడి టాస్క్ రెండోసారి లేస్తుంది: 14, 6, 12 కలిపి 32. ముప్పై రెండులోపు మోటారు నాలుగుసార్లు: 34. అక్కడ స్థిరపడింది. డెడ్‌లైన్ తప్పింది. 2 మిల్లీసెకన్ల పని పెంచితే ముగింపు 10 మిల్లీసెకన్లు వెనక్కి జరిగింది! ప్రాసెసర్ వాడకం చూస్తే 68 శాతం నుంచి 72కి పెరిగిందంతే, ఆ అంకె చూసి ఎవరూ భయపడరు. పైగా రెండు పైటాస్కులూ దీంతోపాటు ఒకే క్షణంలో లేచిన రోజే ఇది జరుగుతుంది, టెస్టింగ్‌లో ఆ కలయిక రాకపోవచ్చు. నేను ఈ పద్ధతిని ఇంతగా పట్టుకు వేలాడేది ఇందుకే. టాస్కులు స్థిరం, ప్రయారిటీలు స్థిరం, నిరోధం ఒక్కసారే అన్న నియమాలు లేకపోతే ఈ నాలుగు లైన్ల లెక్క వేయడమే సాధ్యం కాదు.

నిజమైన ప్రాజెక్టులో ఇంటరప్ట్ హ్యాండ్లర్ సమయం, టాస్క్ మారే ఖర్చు కూడా కలపాలి. ఈ లెక్కని ఒక స్క్రిప్టుగా రాసి, కోడ్ మారినప్పుడల్లా నడిచేలా పెట్టండి.

ఏడో అడుగు: డేటా రేస్ లేదని నిరూపించడం

స్పార్క్ (అడాలో గణితపరంగా నిరూపించడానికి వీలైన భాగం) మోడ్‌లో రాస్తే గ్నాట్‌ప్రూవ్ అనే టూల్ కోడ్ నడపకుండానే చూస్తుంది: రక్షణ లేని వేరియబుల్‌ని రెండు టాస్కులు వాడుతున్నాయా, సీలింగులు సరిగ్గా ఉన్నాయా, ప్రొటెక్టెడ్ ఆబ్జెక్ట్ లోపల ఆగే పని ఉందా, ఒకే ఎంట్రీ దగ్గర ఇద్దరు నిలబడే అవకాశముందా అని. పైన ఎక్సెప్షన్లు లేస్తాయని చెప్పినవి చాలావరకూ ఇక్కడే పట్టుబడతాయి. రెండో అడుగులో పెట్టిన సీక్వెన్షియల్ పాలసీ లేకపోతే ఈ టూల్ టాస్కులున్న కోడ్‌ని ఒప్పుకోదు.

ఎనిమిదో అడుగు: పోయిన సౌకర్యాలు లేకుండా బతకడం

టైమౌట్ ఎలా అని అందరూ అడుగుతారు. సెన్సర్ జవాబు కోసం ఆగి, రాకపోతే వదిలేయడం సెలెక్ట్ లేకుండా కుదరదు. దాని బదులు, వచ్చిన ప్రతి రీడింగ్‌తో సమయం కూడా దాచండి, మోటారు టాస్క్ ప్రతి చుట్టులోనూ చివరి రీడింగ్ ఎంత పాతదో చూసి, హద్దు దాటితే పంపు ఆపేస్తుంది. ఇదే మెరుగైన డిజైన్ అని నేనంటాను, సెన్సర్ చచ్చిపోయినా మోటారు టాస్క్ ఎక్కడా ఇరుక్కోదు.

మోడ్ మార్చాలంటే, అంటే మామూలు నుంచి అలారంకి వెళ్లాలంటే, టాస్కులని చంపి కొత్తవి పుట్టించడం ఉండదు. మోడ్ ఒక ప్రొటెక్టెడ్ ఆబ్జెక్ట్‌లో ఉంటుంది, ప్రతి టాస్క్ చుట్టు మొదట్లో అది చదువుకుని దానికి తగ్గ పని చేస్తుంది.

డెడ్‌లైన్ తప్పితే పట్టుకోవడానికి లైబ్రరీ స్థాయి టైమింగ్ ఈవెంట్లు వాడొచ్చు, ప్రొఫైల్ ఒప్పుకుంటుంది. చుట్టు మొదట్లో డెడ్‌లైన్ సమయానికి ఈవెంట్ పెట్టి, పని ముగిశాక రద్దు చేయండి. రద్దు కాకముందే అది పేలితే సురక్షిత స్థితికి వెళ్లాలి. సమయాన్ని ఇక్కడ కూడా "ఇంతసేపటికి" అని కాక "ఫలానా సమయానికి" అనే ఇవ్వాలి. ఏదైనా టాస్క్ ఎక్సెప్షన్‌తో కూలిపోతే తెలియడానికి టర్మినేషన్ ఫాల్‌బ్యాక్ హ్యాండ్లర్ ఒకటి పెట్టుకోండి, లేకపోతే అది చప్పుడు లేకుండా పోతుంది. వీటన్నింటి కింద హార్డ్‌వేర్ వాచ్‌డాగ్ (ప్రోగ్రామ్ స్పందించకపోతే సిస్టమ్‌ని రీసెట్ చేసే టైమర్) ఎలాగూ ఉండాలి.

తొమ్మిదో అడుగు: ఎప్పుడు సడలించాలి

అడా 2022లో జోర్విక్ అని కాస్త వదులు ప్రొఫైల్ వచ్చింది. ఒక ఆబ్జెక్ట్‌కి ఎన్ని ఎంట్రీలైనా పెట్టొచ్చు, క్యూలో ఒకరికన్నా ఎక్కువ నిలబడొచ్చు, బ్యారియర్‌లో ఇంకొంచెం పెద్ద షరతు రాయొచ్చు, "ఇంతసేపు" డిలే కూడా కుదురుతుంది. రెండు టాస్కుల మధ్య బఫర్ పెట్టి, నిండితే ఒకరు, ఖాళీ అయితే ఇంకొకరు ఆగాలంటే జోర్విక్ నిజంగా హాయి. అయితే క్యూ హద్దు, అందులో ఆగే సమయం లెక్కగట్టే బాధ్యత ఇక మీదే. రావెన్‌స్కార్‌తో మొదలుపెట్టి, ఫలానా చోట కుదరట్లేదని చూపించగలిగినప్పుడే మారండి.

రెండు మూడు కోర్లున్న ప్రాసెసర్ అయితే ప్రతి టాస్క్‌నీ ఒక కోర్‌కి కట్టేయండి, ఏ కోర్ లెక్క ఆ కోర్‌కి వేయండి. ఒకే ఆబ్జెక్ట్‌ని రెండు కోర్ల టాస్కులు పంచుకుంటే సీలింగ్ ఒక్కటే చాలదు, రన్‌టైమ్ నిజమైన లాక్ వేయాల్సిందే, ఆ నిరీక్షణనీ లెక్కలో కలపాల్సిందే. వీలైతే అలా పంచుకోకుండానే విభజించండి.

సీలో రాసేవాళ్లకి

ఆటోమొబైల్ రంగంలో ఉంటే ఓసెక్ అనే రియల్‌టైమ్ ఓఎస్ ప్రమాణం, దాన్నుంచి వచ్చిన ఆటోసార్ ఓఎస్ ఇప్పటికే ఈ దారిలోనే ఉన్నాయి: టాస్కులన్నీ కాన్ఫిగరేషన్‌లోనే ప్రకటించాలి, వనరులకి ప్రయారిటీ సీలింగ్ ఉంటుంది. ఫ్రీఆర్‌టాస్ అనే చిన్న రియల్‌టైమ్ ఓఎస్‌లో అయితే మీరే బిగించుకోవాలి. డైనమిక్ అలొకేషన్ సపోర్ట్‌ని సున్నా చేసి, స్టాటిక్‌ని 1 చేయండి, టాస్కులు స్టాటిక్ ఫంక్షన్‌తోనే పుట్టించండి, అదీ షెడ్యూలర్ మొదలవకముందే. టాస్క్ డిలీట్, ప్రయారిటీ సెట్, మామూలు టాస్క్ డిలే, ఈ మూడింటి ఇన్‌క్లూడ్ సెట్టింగులు సున్నా చేస్తే ఎవరైనా పొరపాటున పిలిచినా బిల్డ్ అక్కడే ఆగిపోతుంది, డిలే అంటిల్‌ని మాత్రం ఉంచండి. దాని మ్యూటెక్స్‌లో ఉన్నది ఇన్హెరిటెన్స్, సీలింగ్ కాదు, బైనరీ సెమఫోర్‌లో అయితే అదీ లేదు. కాబట్టి డేటా కాపాడటానికి బైనరీ సెమఫోర్ వాడకండి, ఒక మ్యూటెక్స్ పట్టుకుని ఇంకోటి పట్టుకోవడాన్ని కోడింగ్ రూల్‌గా నిషేధించి, ఆ రూల్‌ని రివ్యూలో మనుషుల కంటికి వదిలేయకుండా, ప్రతి బిల్డ్‌లోనూ తనిఖీ చేసే స్టాటిక్ అనాలిసిస్ పెట్టండి.